గోడకు పలకలు, పిల్లకు మారుపేరు

మా ఇంటి పడమటి గోడను ఉప్పు తినేసింది. సౌదీలో, ఈ హుఫూఫ్‌లో తోటల పక్కన పాత ఇళ్ళలో కాపురం చేసేవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కింద నుంచి చెమ్మ పాకుతుంది, పైనుంచి ఎండ మాడుస్తుంది, మధ్యలో ప్లాస్టరు అప్పడంలా ఉబ్బి రాలిపోతుంది. ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మం ముందు రోజూ పెచ్చులే. ఊడ్చీ ఊడ్చీ నా నడుం విరిగింది. ఒకరోజు చీపురు విసిరికొట్టి ఇంటి యజమానికి ఫోన్ చేశాను.

ఆయన పెద్దవాడు. ఖర్జూరం తోటలున్నాయి, అద్దె ఇళ్ళున్నాయి, మోకాళ్ళ నొప్పులూ ఉన్నాయి. నేను ఇంజెక్షన్ చేస్తే నొప్పి తెలియదని నామీద కాస్త అభిమానం. వచ్చి గోడని చేతికర్రతో పొడిచి చూశాడు. ఆ పొడుపుకి ఇంకో ఇంత పెచ్చు రాలింది. మళ్ళీ పూత వేసి లాభం లేదు, పైన ప్లాస్టిక్ లాంటి వినైల్ పలకలు తొడిగిద్దాం అన్నాడు అరబిక్‌లో. అన్నట్టే రెండు రోజుల్లో పలకల కట్టలు మా వాకిట్లో దింపించాడు. ఇసుక రంగు. మా అమ్మాయి నీలం రంగు కావాలని ముఖం ముడుచుకుంది గానీ, ఊరికే వచ్చిన పలకలకి రంగులు ఎంచేదెవరు?

“ముఅల్లిమ్‌ని మాత్రం నువ్వే చూసుకో సిస్టర్. ఇంట్లో ఆడవాళ్ళుంటారు. నీకు నమ్మకం కుదిరినవాడే రావాలి,” అని వెళ్ళిపోయాడు. ముఅల్లిమ్ అంటే ఇక్కడ మేస్త్రీ.

మా ఆయన ఖఫ్జీలో చమురు బావుల దగ్గర టెక్నీషియన్. వారానికోసారి ఇంటికొస్తారు. ఫోన్‌లో చెబితే నవ్వారు. “నువ్వే చూడు. నీ ప్రశ్నలకి తట్టుకుని నిలబడ్డవాడే పని చేయగలడు,” అన్నారు. నాకు కోపం ముక్కుమీద ఉంటుందని ఆయన వెక్కిరింత. ఉంటుంది, కాదనను. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మందు మోతాదు తప్పు రాస్తే ముఖం మీదే చెప్పినదాన్ని. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. తరవాత జరిగింది వింటే, ఆ నోరంతా ఏమైపోయిందని మీరే అడుగుతారు.

ఆ పలకల గురించి ఫోన్‌లో వీడియోలు చూశాను. గోడకి నేరుగా కొట్టరు, ముందు పట్టీలు బిగించాలి. కింద నుంచి మొదలుపెట్టి ఒకదానిలో ఒకటి ఇరికించుకుంటూ పైకి వెళ్ళాలి. అన్నిటికన్నా ముఖ్యం, మేకు బిగించి కొట్టకూడదు. ఎండకి పలక సాగుతుంది, అటూ ఇటూ జరగడానికి చోటుండాలి. చోటు లేకపోతే పొంగి, వంకర తిరిగిపోతుంది. గోడ పొడవెంతో చూద్దామంటే ఇంట్లో టేపు లేదు. నా చీర ఒక కొస మా అమ్మాయి, ఒక కొస నేను పట్టుకుని కొలిచాం. ఏడో తరగతి చదువుతోంది. పక్కింటి పిల్లలు చూస్తున్నారని సిగ్గుపడుతూనే పకపకా నవ్వింది. మేమిద్దరం అంతగా నవ్వుకున్నది అదే ఆఖరుసారి, ఆ పని పూర్తయ్యేదాకా.

మొదట వచ్చినాయన పాకిస్తానీ కాంట్రాక్టరు. బండి కూడా దిగలేదు. కిటికీలోంచి గోడని చూసి, “ఫికర్ మత్ కరో బాజీ, ఏక్‌దమ్ టైట్ కర్ దూంగా,” అన్నాడు. దిగులు పడకు, గట్టిగా బిగించేస్తానని. టైట్ అనగానే నాకు గోడ పొంగిపోయినట్టు కనబడింది. సలాం చెప్పి పంపేశాను. రెండో ఆయన ఈజిప్టువాడు. మేకు వదులుగా కొడతారా, బిగించి కొడతారా అని అడిగితే, “మేడం ఎలా అంటే అలా,” అన్నాడు. నేనెలా అంటే అలా చేసేవాడు నాకెందుకు?

మూడోవాణ్ణి బజార్లో హార్డ్‌వేర్ షాపువాళ్ళు పంపారు. ఫోన్‌లో హిందీలో మాట్లాడాడు. తలుపు తట్టగానే మా అమ్మాయి లోపలి నుంచి, “మమ్మీ, ఇంకో ముఅల్లిమ్ వచ్చాడు, బూట్లు విప్పమను!” అని తెలుగులో అరిచింది.

“ఆయ్, విప్పేశానండీ!” అన్నాడు బయట నుంచి.

ఆ ‘ఆయ్’ వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మా కోనసీమ మాట. ఇక్కడ కేరళ సిస్టర్లు, ఫిలిప్పీన్ సిస్టర్లు, హైదరాబాద్ డ్రైవర్లు బోలెడుమంది. ‘ఆయ్’ అని పలికే మనిషి కనబడి ఎన్నాళ్ళయిందో! ముప్ఫై దాటి ఉంటాయి. సన్నగా ఉన్నాడు. తన టేపు తీసి గోడంతా కొలిచాడు. మేకుల సంగతి అడిగాను.

“వదులుగానే కొడతామండి. ఎండకి సాగుద్దండి పలక. బిగిస్తే పొంగిపోద్ది.”

జవాబు సరైనదే. కానీ నిజం చెప్పేస్తాను. అతను తప్పు చెప్పినా అతన్నే పెట్టుకునేదాన్ని. మనోడు కదా. పరాయి దేశంలో మనం చేసే పనే అది. పనితనం తరవాత చూస్తాం, ముందు ఊరు చూస్తాం.

టీ ఇచ్చాను. ఊళ్ళ మాటలు మొదలయ్యాయి. నాది రాజోలు వైపు, అతనిది అమలాపురం వైపు. నేను అప్పుడే ‘తమ్ముడూ’ అనేశాను, అతను ‘అక్కా’ అనేశాడు. రెండు గుక్కలు తాగి, కప్పు కింద పెట్టకుండానే అడిగాడు.

“ఇంతకీ మీరేవిట్లండీ?”

ఏవిట్లు అంటే ఏ కులం అని. మా వైపు అలాగే అడుగుతారు, కాస్త మజ్జిగ పొయ్యమంటారా అన్నంత తేలిగ్గా.

సౌదీలో నన్ను ఎవ్వరూ అడగని ప్రశ్న అది. ఇక్కడివాళ్ళకి నేను హిందీని, అంటే ఇండియా మనిషిని, అంతే. ఆస్పత్రిలో సిస్టర్‌ని. ఇన్నేళ్ళ తరవాత ఆ ప్రశ్న నా భాషలో, నా వంటింటి గుమ్మంలో, నేనిచ్చిన టీ తాగుతూ ఎదురైంది. ఎనిమిదో తరగతిలో మా స్నేహితురాలి ఇంట్లో వాళ్ళ నాయనమ్మ ఇలాగే అడిగింది. చెప్పాను. అప్పటిదాకా నా చేతిలో ఉన్న స్టీలు గ్లాసుని కుళాయి దగ్గర కడిగి పిట్టగోడ మీద బోర్లించి వెళ్ళమంది. కోప్పడలేదు, ముఖం చిట్లించలేదు. చాలా మామూలుగా చెప్పింది.

“నీకెందుకయ్యా?” అనాల్సింది. “పేటలో ఉంటాం, చర్చికి వెళ్తాం, ఇబ్బందైతే కప్పు అక్కడ పెట్టి వెళ్ళు,” అనాల్సింది. ఎన్నిసార్లు మనసులో అనుకున్న మాటలో అవి! నోరు తెరిచాను. వచ్చింది వేరే. ఊళ్ళో మోతుబరుల కులం పేరు చెప్పాను. మా ఇంటి పేరు వాళ్ళలోనూ ఉంది, అందుకని పట్టుబడను అనే లెక్క కూడా ఆ క్షణంలోనే నా బుర్రలో తయారైంది. ఆ వేగం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

“అలాగాండీ! మేమూ అంతేనండీ,” అన్నాడు.

ఇక చుట్టరికాలు కలుపుతాడు, ఫలానావారు మీకేమవుతారని అడుగుతాడు. ఏం చెప్పాలి? కానీ అడగలేదు. టీ గబగబా తాగేసి, నిచ్చెన ఎక్కడ వేసుకోవాలని మాట మార్చేశాడు. బతికిపోయాను అనుకున్నాను.

అప్పుడే మా అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది.

“పాపాండీ? పేరేంటమ్మా?”

అది నోరు తెరవకముందే నేను అందుకున్నాను. “చిన్ని. చిన్ని అంటాం.”

ఆ పేరుతో దాన్ని ఎవరం ఎప్పుడూ పిలవలేదు. దానిది మా అమ్మ ఎంచి, పాస్టరు గారు ప్రార్థన చేసి పెట్టిన పేరు. వినగానే మేము ఎవరిమో మా జిల్లావాడికి తెలిసిపోయే పేరు. పిల్ల నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

అతను వెళ్ళాక అడిగింది. “నా పేరు బాలేదా మమ్మీ?”

“బావుంది. ఆ అంకుల్ పని అయ్యేదాకా అంతే. నీకు తెలీదులే.”

“పని అయ్యాక నా పేరు నాకిచ్చేస్తావా?”

చెంప ఛెళ్ళుమనిపించినట్టు అయింది. తప్పు నాదై ఉండి, “పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడకు,” అని దాన్నే కసిరాను. అదే నా తెగువ.

మా ఆయనకి చెప్పకుండా ఉండలేకపోయాను. ముందు పగలబడి నవ్వారు. “ఎప్పట్నుంచి మనం ఆ కులం అయ్యాం? నాకు చెప్పనేలేదే!” అన్నారు. తరవాత పిల్ల సంగతి చెప్పాను. ఆ నవ్వు ఆగిపోయింది.

“అతనికి నిజం చెప్పెయ్,” అన్నారు.

“సగంలో వదిలేసి పోతే? పలకలన్నీ వాకిట్లో పడున్నాయి. ఆ పెద్దాయనకి ఏం చెప్పను?”

“గోడ పోతే పోనీ. అది రేపు బళ్ళో కూడా ఆ పేరే చెప్తే ఏం చేస్తావు?”

“మీరు మరీనూ,” అని ఫోన్ పెట్టేశాను.

పని మొదలైంది. నాకు సెలవున్న రోజుల్లోనూ, డ్యూటీ తొందరగా అయిన సాయంత్రాల్లోనూ వచ్చేవాడు. పట్టీలు బిగించి, కింద నుంచి పలకలు ఎక్కించాడు. పని శుభ్రంగా చేసేవాడు, అందులో వంక పెట్టలేను. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగేదాన్ని. ఊరి నుంచి తెచ్చుకున్న చర్చి క్యాలెండరు తీసి బట్టల బీరువాలో పెట్టాను. మా అమ్మ ఫోన్ చేస్తే ‘వందనాలు’ అంటుంది, ఆ గొంతు బయటికి వినబడుతుందని స్నానాల గదిలోకి పోయి మాట్లాడాను. ఇంట్లో పెద్దకూర వండడం మానేశాను. అతనికి పప్పూ, బంగాళాదుంప వేపుడూ పెట్టేదాన్ని. పాపం, అతనూ వంచిన తల ఎత్తకుండా తినేవాడు. రోజూ పప్పేనా అని మా అమ్మాయి ఒక్కసారి కూడా అడగలేదు. దానికి అర్థమైపోయిందని ఆ అడగకపోవడంలోనే తెలుస్తోంది.

మొదట్లో ‘చిన్నీ’ అంటే పలికేది కాదు. రెండుసార్లు, మూడుసార్లు పిలిస్తే విసురుగా వచ్చేది. నాకు ఆ విసురు నచ్చేది. నా కూతురే అనిపించేది. తరవాత తరవాత ఒక్క పిలుపుకే రావడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి సంచి కింద పెడుతూ మామూలుగా చెప్పింది. “వ్యాన్‌లో కొత్తగా ఒక తెలుగమ్మాయి చేరింది మమ్మీ. నా పేరు అడిగింది. చిన్ని అని చెప్పాను.”

“అదేం? ఎందుకలా చెప్పావు?”

“తెలుగువాళ్ళకి అలాగే చెప్పాలి కదా?”

అందులో వెటకారం లేదు. వెటకారం ఉన్నా బావుండేది. నేనే నేర్పిన పాఠం, బుద్ధిగా అప్పజెప్పింది. మా అమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేసి నన్ను నర్సు చదివించింది. నేనెక్కడా తల దించుకోకూడదనే చదివించింది. నేను సముద్రం దాటి వచ్చి, నా కూతురికి తల ఎలా దించుకోవాలో వారం రోజుల్లో నేర్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. రేపు అతను రాగానే చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు అతను వచ్చాడు. టీ ఇచ్చాను. చెప్పలేదు. ఇంకో రెండు వరసలే ఉన్నాయి కదా, అవీ అయిపోనీ అనుకున్నాను. చూడండి నా బుద్ధి.

పై వరస కోసం అల్యూమినియం పట్టీ కత్తిరిస్తున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను, మా అమ్మాయి బల్ల దగ్గర హోంవర్క్ చేస్తోంది. బయట కత్తెర పడ్డ చప్పుడైంది. వెంటనే కేక.

“యేసయ్యా! నా తండ్రీ! యేసయ్యా!”

పరుగెత్తాను. పట్టీ అంచు అరచేతిలో అడ్డంగా దిగింది. రక్తం మోచేతిదాకా కారుతోంది. భుజం పట్టుకుని లోపలికి తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పైకెత్తి గుడ్డతో నొక్కిపట్టాను. ఇవన్నీ నా చేతులు వాటంతటవే చేశాయి. నా చెవిలో ఆ కేకే తిరుగుతోంది. దెబ్బ తగిలినప్పుడు నోట్లోంచి వచ్చేది అబద్ధం అయి ఉండదు. చర్చిలో పుట్టి పెరిగినవాడికి తప్ప అలా రాదు.

ముందు నాకేమనిపించిందో చెప్పనా? కోపం వచ్చింది. ‘అమ్మ దొంగా, నన్ను మోసం చేశావా,’ అనిపించింది! నాకు నామీద ఎప్పటికీ అసహ్యం వేసేది ఆ ఒక్క నిమిషానికే.

అతను నా ముఖం చూశాడు. ఆ కోపం అందులో కనబడే ఉంటుంది. తను ఏమని అరిచాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చెయ్యి నా చేతిలోంచి లాక్కుని కుర్చీలోంచి లేచాడు. వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దిగి, వాకిట్లో ఎండలో నిలబడ్డాడు. రక్తం చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతోంది.

“కూర్చో తమ్ముడూ, రక్తం పోతోంది!”

“పర్లేదండి. ఇక్కడే కట్టేయండి. గుడ్డ ఇలా పడేస్తే నేనే కట్టుకుంటానండి,” అన్నాడు. అక్కా అని కూడా అనలేదు. “షాపులో మన జిల్లావాళ్ళున్నారండి. వాళ్ళకి చెప్పకండి. పని పూర్తి చేసే వెళ్తానండి. నేను తాగిన కప్పులు కావాలంటే...”

ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయాడు. నేనూ వినలేకపోయాను. ఎవరైనా తనని అడిగేలోపే తనే ఎదుటివాళ్ళని అడిగేసే అలవాటు ఎందుకు చేసుకున్నాడో అప్పుడు తెలిసింది. నేను ఏ పిట్టగోడ దగ్గర నేర్చుకున్నానో, తనూ అలాంటి చోటే ఎక్కడో నేర్చుకుని ఉంటాడు. మేమిద్దరం ఒకరికొకరం భయపడి, ఇన్నాళ్ళూ ఒకే బల్ల దగ్గర పప్పన్నం తిన్నాం.

కట్టు సామాను తీసుకుని వాకిట్లోకి దిగాను. గాయం కడిగాను, మూసి కట్టాను. అతను తల ఎత్తలేదు. ‘మేమూ మీవాళ్ళమే’ అని ఒక్క మాట అంటే చాలు. ఆస్పత్రిలో ఎంతమందికి ఎన్ని చెడ్డ వార్తలు చెప్పిన నోరు ఇది! పెగల్లేదు. మీవాళ్ళమే అంటే, మొదటి రోజు నుంచి అబద్ధమాడాను అని కూడా చెప్పినట్టే కదా. అంత రక్తం చూసి కూడా నాకు నా పరువే గుర్తొచ్చింది.

మా అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పెన్ను అలాగే ఉంది.

“అంకుల్, నా పేరు చిన్ని కాదు,” అంది.

అతను తలెత్తి దాన్ని చూశాడు, తరవాత నన్ను చూశాడు. “మరేంటమ్మా?” అన్నాడు మెల్లగా.

“మమ్మీని అడగండి. ఎవరికి ఏం చెప్పాలో మమ్మీకే తెలుసు.”

అతను నన్ను అడగలేదు. ఊరికే చూస్తూ నిలబడ్డాడు, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని. నేను నా కూతురి పేరు చెప్పాను. ఎంత సన్నగా చెప్పానంటే, పక్కింటి ఏసీ మోతలో అది నాకే సరిగ్గా వినబడలేదు.

“వినబడలేదు మమ్మీ,” అంది మా అమ్మాయి. “ఇంకోసారి చెప్పు.”